ముగ్గురాయికి గ్రేడు సరే, మనిషి బుర్రకెట్లా?

మా మంగంపేటలో ముగ్గురాయిని ఏ గ్రేడు, బి గ్రేడు, సి గ్రేడు అని వేరు చేస్తారు. గ్రేడు పేరు చెప్పినంత మాత్రాన రాయి బరువు తగ్గదు. మనిషి సంగతి అట్లా కాదబ్బా.

మొన్న గని రోడ్డు పక్కన టీ బంకు కాడ ఇంజనీరింగు చదివే పిల్లోడొకడు, "కోటాలో వచ్చినోళ్లకి పుట్టుకతోనే బుర్ర తక్కువన్నా, ఎవరూ బయటికి చెప్పరు గానీ" అన్నాడు. మా పేట నుంచి డిగ్రీకి పోతాండే ఇంకో పిల్లోడు గ్లాసు కింద పెట్టి గమ్మున లేచిపోయినాడు. నేనూ నోరు తెరవలేదు. అదే నన్ను ఇంకా కెలకతాండాది.

"ఇట్లాంటివి ఎత్తగూడదు, గొడవలైతాయి" అంటారు మా ఉద్యమంలో పెద్దోళ్లు. మనం ఎత్తకపోతే ఆ మాట ఆగుతాదా? హాస్టలు గదుల్లో, వాట్సాపులో తిరుగుతానే ఉండాది. దానికి జవాబు మాత్రం తిరగడం లేదు.

ఇదేం కొత్త కూత కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ మన కులాలోళ్ల తలకాయలు, ముక్కులు కొలిచినాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేసినాడు. ఆ కాలంలోనే ఎరుకలోళ్ల మీద పుట్టుకతోనే నేరస్తులని చట్టం ముద్ర కొట్టింది. ఆ చట్టం దేశమంతా పోయేసరికి 1952 వచ్చింది.

అమెరికాలో ఆర్థర్ జెన్సన్ 1969లో, నల్లోళ్లకీ తెల్లోళ్లకీ ఐక్యూ తేడా రావడంలో పుట్టుక పాత్ర పెద్దదే కావచ్చని రాసినాడు. పెద్ద రగడైంది. జేమ్స్ ఫ్లిన్ మాత్రం "నోరు మూయ్" అనలేదు, లెక్కలు తీసినాడు. చానా దేశాల్లో పదేళ్లకి సుమారు 3 పాయింట్ల లెక్కన జనం మార్కులు పెరిగినాయని తేల్చినాడు. ఒకటి రెండు తరాల్లో రక్తం మారదు కదప్పా, మారింది బతుకు. ఈ మాట టీ బంకు కాడ నాకు నోటికి రాలేదు చూడండి.

అయితే ఒక చిక్కుండాది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లోళ్లకి కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముళ్లు ఇచ్చినారు. పై కులాలోళ్లు 321 మంది, కింది కులాలోళ్లు 321 మంది. కులం ఎత్తనప్పుడు ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందర కులం చదివినాక కింది కులాల పిల్లోళ్లు వెనకబడినారు. 2004లో అచ్చయిన పని ఇది.

నేను నమ్మడానికి ఆ కాగితం అక్కర్లేదు. నా చిన్నప్పుడు బళ్లో స్కాలర్‌షిప్పు ఫారాలొస్తే "ఎస్సీ పిల్లోళ్లు లేయండి" అనేవాళ్లు. లేచిన రోజు లెక్కలు తలకెక్కేవి కాదు.

అందుకే నా మాట: పెద్దోళ్ల మధ్య, పత్రికల్లో, సభల్లో ఈ వాదం తలుపులు తెరిచి పెట్టుకుందాం, ఎవడు ఏ లెక్క తెచ్చినా అడుగుదాం. తరగతి గదిలో మాత్రం పిల్లోడి కులం పైకి పిలవగూడదు. ఫారం వాడి చేతికిస్తే చాలు. రెండిటికీ పొత్తు కుదరదని మావోళ్లు నాతో పోట్లాడతాండారు. పోట్లాడనీ.

ఈ ఆదివారం మళ్లీ బంకు కాడికి పోతాండా. ఇంజనీరింగు పిల్లోడికి ఫ్లిన్ లెక్క చెప్పాల. దానికన్నా ముందు, లేచిపోయిన పిల్లోడి ఇంటికి పోవాల.