పత్రము పోయినచో ఋణమును పోవునా?

విజయవాడ సింగునగరునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మా ముందున్నది. 2023 డిసెంబరులో కుమార్తె కళాశాల రుసుమునకై వారు పొరుగింటి వృద్ధురాలియొద్ద లక్షన్నర రూపాయలు వడ్డీకి తీసికొనిరి. భర్తగారు ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చిరి. ఋణమిచ్చినామె వితంతువు, భర్త పోయిన పిదప చేతికి వచ్చిన సొమ్ములోనిదే యా మొత్తము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి ఆ పేటలు మునిగినపుడు ఆమె పెట్టెలన్నియు నీటిలో నానినవి; నోటు ముద్దయిపోయినది. ఆమె దాపరికము లేక తానే వచ్చి ఆ మాట చెప్పినది. అది విని బావగారు, "కాగితము లేనిచో బాకీయు లేదు, మూడేండ్లు నిండువరకు నోరు మెదపకుండుడు" అని తమ్మునకు బోధించుచున్నారట. భర్తగారు మెత్తబడుచున్నారట. బాకీ తీర్చవలెనా, అక్కరలేదా? తీర్చినచో మునుముందు మాకేమైన చిక్కు వచ్చునా? అని సోదరి యడుగుచున్నారు.

తీర్చవలెను. ఇందులో మాకు సందేహము లేదు. రెండవ ప్రశ్నము మాత్రము మిక్కిలి తెలివిగలది. దానికి సమాధానము కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

మన వంటయిండ్లలో నిత్యము జరుగు బదుళ్ళకు పత్రమెక్కడిది? సోలెడు పంచదార, గిద్దెడు నూనె, పెండ్లికి పెట్టుకొని పోవుటకు పొరుగామె కాసులపేరు, ఇవియన్నియు నోటిమాటమీద పోవుచున్నవి, నోటిమాటమీద తిరిగివచ్చుచున్నవి. కాసులపేరు పుచ్చుకొని, "నీయొద్ద చీటి యున్నదా?" యని యడిగినదానిని మరల నెవ్వరు గడప త్రొక్కనిత్తురు? పదులలో నున్నపుడు మనకు స్పష్టముగా కనబడు ధర్మము లక్షలలోనికి వచ్చుసరికి పురుషులకు మసకబారుట మాకు వింతగా నున్నది.

పత్రము ఋణము కాదు; ఋణమునకు సాక్షి. సాక్షి చనిపోయినంతమాత్రమున జరిగినది జరుగకపోదు. మన ధర్మశాస్త్రకారులు దీనిని చక్కగా నెరిగి యుండిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున వ్యవహారనిర్ణయమునకు పత్రము, అనుభవము, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పబడినవి. పత్రము దూరదేశమున చిక్కినను, అక్షరములు చెడినను, పోయినను, దొంగిలబడినను, చినిగినను, కాలినను వేరొక పత్రము వ్రాయించుకొనవలెనని యచ్చటనే విధింపబడినది. "ఋణము రద్దగును" అను మాట యెచ్చటను లేదు. పైగా, తీసికొని లేదని బొంకినవాడు ఆ బొంకు రుజువైనచో సొమ్మును తీర్చి, అంతకు సమానమైన మొత్తమును రాజునకు దండుగగా చెల్లింపవలెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరమను తెనుగు గ్రంథము రచించెను. కావున ఈ మాటలు సంస్కృతము వచ్చినవారికి మాత్రమే తెలిసినవని చెప్పుకొనుటకు వీలులేదు.

ఆనవాలు పోయినచో సత్యము పోవునా యను ప్రశ్నము శకుంతల కథలోనిదే. కాళిదాసు నాటకమున ఆమె యుంగరము శచీతీర్థమున జారిపోయినది. దుర్వాసుని శాపముచేత దుష్యంతునకు జ్ఞప్తి లేకపోయినది. మరచినవాడు లేదన్నచో క్షమింపవచ్చును. నన్నయగారి ఆదిపర్వమున ఉంగరమే లేదు, శాపమును లేదు. రాజునకు సర్వము జ్ఞప్తియందే యున్నది, ఎరిగియు నెరుగననును. అపుడామె చేతిలో నున్నది సత్యమొక్కటే. నిండుసభలో దానినే పట్టుకొని నిలిచినది. తుదకు ఆకాశవాణి సాక్ష్యము పలికినది. మన జాబులోని బావగారు కాళిదాసు దుష్యంతుడు కారు, నన్నయగారి దుష్యంతుడు. నోటు వ్రాసిన దినమున వారు ప్రక్కనే కూర్చుండి యుండిరని సోదరియే వ్రాసినారు.

శాస్త్రమట్లుండనిండు, నేటి చట్టమేమనునని బావగారడుగవచ్చును. చట్టమును వారి పక్షమున లేదు. మూలపత్రము పోయినపుడు గాని నశించినపుడు గాని దాని నకలును, దానిని కన్నులార చూచినవారి సాక్ష్యమును న్యాయస్థానము స్వీకరింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము 65వ సెక్షను చెప్పెను. ఆ చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును 60వ సెక్షనుగా ఆ నియమమే నిలిచినది. పత్రము పోయిన సంగతిని మాత్రము ఋణదాత ముందుగా రుజువు చేయవలెను. ఇచ్చట పేటయంతయు మునిగినది. రుజువునకు కరవు లేదు. అదిగాక సొమ్ము బ్యాంకు ఖాతానుండి ఖాతాకు వచ్చినదని జాబులో నున్నది. బ్యాంకువారి లెక్క బుడమేటిలో తడియలేదు గదా!

మూడేండ్ల మాట నిజమే. ఇట్టి నోటుమీద వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము. ఈ నోటునకు 2026 డిసెంబరుతో గడువు నిండును. అయితే గడువు దాటినచో పోవునది దావా వేయు హక్కే గాని బాకీ కాదు. కాలదోషము పట్టిన బాకీని తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినచో ఆ వాగ్దానము చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షనున నున్నది. ఋణమే నశించి యుండినచో ఈ సెక్షనుతో పనియేమి? నిజము చెప్పవలెనన్న, బావగారి ధైర్యమునకు మూలము చట్టము కానే కాదు. వకీలునొద్దకు, కచేరికి తిరుగు ఓపిక ఆ వృద్ధురాలికి లేదని వారికి తెలియును. అంతే.

బ్యాంకులలోను ఇట్టి నష్టము కలుగుచుండును. ఇంటిమీద ఋణమిచ్చిన బ్యాంకువారు ఇంటి దస్తావేజులను పోగొట్టినచో, మిగిలిన వాయిదాలు కట్టనక్కరలేదని కొందరు తలచుచున్నారు. అది పొరపాటు, వాయిదాలు కట్టవలసినవే. కాని పోగొట్టినవారికి దండన లేకపోలేదు. 2023 సెప్టెంబరు 13వ తేదీని రిజర్వు బ్యాంకు ఇచ్చిన యుత్తరువు ప్రకారము, బాకీ సంపూర్ణముగా తీరిన 30 దినములలోపల దస్తావేజులు తిరిగి యీయవలెను. తమ లోపమువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలెను. దస్తావేజులు పోయినచో నకళ్ళు తెప్పించుటకు సహాయపడి, ఆ వ్యయమును బ్యాంకువారే భరింపవలెను. ఆ పనికై వారికి మరి 30 దినముల గడువు కలదు. ఆ యేడాది డిసెంబరు 1వ తేదీనుండి ఇది వర్తించెను. ఈ విభాగము మాకు న్యాయముగా తోచుచున్నది. అప్పు అప్పే, పోగొట్టుటవలన కలిగిన శ్రమయు వ్యయమును పోగొట్టినవారివి.

ఇక సోదరి రెండవ ప్రశ్నము. పోయినదనుకొన్న నోటు యెచ్చటనో బయటపడి, ఆ వృద్ధురాలి తరువాత ఆమె వారసులు దానిని మరియొకరికి మేడోవరు చేసినచో, తీర్చిన బాకీకే మరల దావా రావచ్చును. ఇది ఉత్త భయము కాదు. నోటు చేతనున్నపుడు సొమ్ము చెల్లించి, దాని వెనుక చెల్లు వ్రాయించి తిరిగి పుచ్చుకొందుము. లేనపుడేమి చేయవలెను? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 81వ సెక్షను దీనికే యున్నది. సొమ్ము చెల్లించువాడు నోటును తిరిగి పొందుటకు హక్కుగలవాడు. అది పోయినచో, దానిమీద మరియే దావా వచ్చినను నష్టము కలుగకుండ ఋణదాతనుండి పూచీ పొందుటకు హక్కుగలవాడు. యాజ్ఞవల్క్యుడును అప్పు తీరినపుడు పత్రమును చింపివేయవలెను, లేదా తీరినట్లు వేరొక పత్రము వ్రాయించుకొనవలెను అనినాడు. ఈ చెల్లుచీటిని కోరుట అవమానింపుట కాదు. ఆ వృద్ధురాలు నొచ్చుకొనునని సంకోచింపవలదు. ఎదురుగా కూర్చుండి, ఇరువురి మేలునకే యని మెల్లగా చెప్పినచో ఆమె గ్రహింపగలదు.

చెల్లుచీటిలో నోటు తేదీ, మొత్తము, వడ్డీరేటు, వ్రాసినవారి పేరు ముందుగా ఉండవలెను. అది 2024 వరదలో నశించినదనియు, అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినవనియు, నోటు ఎన్నడైన కనబడినను చెల్లదనియు, దానిమీద ఎవరైన దావా తెచ్చినచో ఆ నష్టమునకు తానును తన ఆస్తియు పూచీయనియు ఆమె వ్రాసి యీయవలెను. అయిదువేల రూపాయలకు మించిన రసీదు గనుక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకము చేయించుడు. సాక్షులుగా ఇరుగుపొరుగువా రిరువురు చాలుదురు. వారిలో ఆమె పిల్లలలో నొకరుండుట మరియు మేలు. సొమ్మును చేతికీయక బ్యాంకుద్వారా పంపుడు. ఒక్కసారిగా తీర్చు శక్తి లేనిచో, ఇప్పుడే క్రొత్త నోటు వ్రాసి యిచ్చి, పాత నోటునకు బదులుగా వ్రాసినదని దానిలోనే పేర్కొనుడు. వరద నెలలకు వడ్డీ తగ్గింపుమని యడుగవచ్చునా యని సోదరి చివర చిన్న యక్షరములతో వ్రాసినారు. అడుగవచ్చును, కాని వరదలో ఆమె యిల్లును మునిగినది గదా. నానిన నోటు ముద్ద యింకను పారవేయక యుండినచో దానినికూడ అడిగి తీసికొనుడు. సంతకమున్న ముక్క దొరకినచో చెల్లుచీటికి గుచ్చి యుంచుడు.