అణు విద్యుత్తు: ఇంధనం హైదరాబాదుది, నిర్ణయం ప్రజలది

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, పాతబస్తీ: రంజాన్ మాసంలో చార్మినార్, లాడ్ బజార్, పత్తర్‌గట్టి ప్రాంతాలలో వ్యాపారం తెల్లవారుజాము వరకు సాగడం అందరికీ విదితమే. అక్కడి దుకాణాలకు విద్యుత్ అవసరం పెరిగేది సూర్యాస్తమయం తరువాతనే. సౌర విద్యుత్తు వేగంగా విస్తరిస్తున్నప్పటికీ, రాత్రివేళ నిలకడగా విద్యుత్తు అందించే భారం నేటికీ ప్రధానంగా బొగ్గుపైనే ఉన్నది. కర్బన ఉద్గారాలను తగ్గిస్తూ ఆ భారాన్ని అణు విద్యుత్తు ఎంతవరకు మోయగలదన్నది నేడు దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది.

దేశంలో తొలి అణు విద్యుత్ కేంద్రం 1969లో తారాపూర్‌లో ప్రారంభమైంది. 2025 నాటికి దేశంలోని మొత్తం స్థాపిత అణు సామర్థ్యం సుమారు 8,800 మెగావాట్లు. మొత్తం విద్యుదుత్పత్తిలో దీని వాటా దాదాపు 3 శాతం మాత్రమే. ఈ సామర్థ్యాన్ని 2047 నాటికి లక్ష మెగావాట్లకు పెంచాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యంగా నిర్దేశించుకొన్నది. 2025-26 బడ్జెట్‌లో చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధన, అభివృద్ధికి రూ. 20,000 కోట్లు ప్రకటించింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' చట్టాన్ని ఆమోదించి, ఈ రంగంలోకి ప్రైవేటు సంస్థల ప్రవేశానికి మార్గం సుగమం చేసింది. అర్ధ శతాబ్దికి పైగా సాధించినదానికి పదకొండు రెట్లు రెండు దశాబ్దాలలో సాధించాలన్నది ఈ లక్ష్యం సారాంశం.

ఈ రంగంలో హైదరాబాద్ పాత్ర విశిష్టమైనది. నగరానికి ఈశాన్యాన, మౌలాలి సమీపంలో 1971లో ఏర్పాటైన అణు ఇంధన సముదాయం దేశీయ భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలను తయారుచేస్తున్నది. 220 మెగావాట్ల రియాక్టర్‌లో వాడే ఒక్కొక్క కట్ట పొడవు సుమారు అర మీటరు, బరువు 16 కిలోల పైచిలుకు. సాధారణ వినియోగ ప్రమాణాల ప్రకారం లెక్కిస్తే ఒక కట్ట నుండి దాదాపు 6 లక్షల యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే 250 కుటుంబాలకు అది ఏడాది పాటు సరిపోతుంది. కర్ణాటకలోని కైగా కేంద్రం మొదటి యూనిట్ ఇటువంటి దేశీయ ఇంధనంతోనే 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఏకధాటిగా పనిచేసి నాడు ప్రపంచ రికార్డు నెలకొల్పడం గమనార్హం. కావున సాంకేతిక సామర్థ్యం విషయంలో సందేహానికి తావు లేదు.

అయితే ఇంధన కట్టకు ముందు గని ఉన్నది, తరువాత విద్యుత్ కేంద్రం ఉన్నది. చిక్కుముడులు ఆ రెండు చోట్లనే ఉన్నవి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. శుద్ధి అనంతరం మిగిలే వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు, పంటలు దెబ్బతింటున్నాయని పరిసర గ్రామాల రైతులు పలుమార్లు ఫిర్యాదు చేశారు. నల్లమల అడవులలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తీర్మానించింది. దేశానికి అణు ఇంధనం సమకూర్చే నగరం రాజధానిగా గల రాష్ట్రమే తన అడవిలో తవ్వకాన్ని వద్దనడంలో వైరుధ్యమేమీ లేదు. కృష్ణానది పరీవాహక ప్రాంతాన్ని, పులుల అభయారణ్యాన్ని, చెంచుల జీవనాన్ని కాపాడుకోవలసిన అవసరం ఆ నిర్ణయం వెనుక ఉన్నది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అనుభవం మరొక కోణాన్ని చూపుతున్నది. అక్కడ 1,208 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, అనగా 7,248 మెగావాట్ల కేంద్రం ప్రతిపాదనలో ఉన్నది. రియాక్టర్లు సరఫరా చేయవలసిన అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. తీర గ్రామాల మత్స్యకారులు, రైతులు మాత్రం ఊరు ఉంటుందో లేదో తెలియని స్థితిలో ఏళ్ల తరబడి గడిపారు. ప్రాజెక్టు ఆలస్యమైతే సంస్థకు వ్యయం పెరుగుతుంది. గ్రామస్థునికి ఇల్లు కట్టుకోవడం, పిల్లల పెళ్లి, పడవ కొనుగోలు అన్నీ వాయిదా పడతాయి. ఈ రెండవ నష్టం ఏ ప్రాజెక్టు నివేదికలోనూ అంకెగా కనిపించదు.

1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా దుర్ఘటనల తరువాత భద్రతా ప్రమాణాలు పటిష్ఠమైన మాట వాస్తవం. ఫుకుషిమా అనంతరం జర్మనీ క్రమంగా వైదొలగి 2023 ఏప్రిల్‌లో తన చివరి రియాక్టర్లను మూసివేసింది. ఫ్రాన్స్ అణు విద్యుత్తుపైనే ప్రధానంగా ఆధారపడుతున్నది. ఏ మార్గమైనా ప్రజల అంగీకారం లేనిదే నిలవదు. ప్రైవేటు సంస్థలు ప్రవేశించనున్న తరుణంలో ప్రమాదం సంభవిస్తే పరిహారం ఎవరు, ఎంత, ఎప్పటిలోగా చెల్లిస్తారన్నది సామాన్యునికి అర్థమయ్యే భాషలో తెలియజేయవలసిన ఆవశ్యకత మరింత పెరిగింది.

ఈ దిశగా చేయదగినవి కష్టసాధ్యమైనవి కావు. గనుల పరిసరాల్లో నీటి పరీక్షల ఫలితాలను క్రమం తప్పకుండా తెలుగులో గ్రామ పంచాయతీ కార్యాలయాల వద్ద ప్రదర్శించవచ్చు. భూసేకరణ ప్రకటనతో పాటే పునరావాసానికి గడువు నిర్ణయించి, ఆ గడువు దాటితే పరిహారం పెంచే నిబంధన చేర్చవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణకు ముందే పర్యావరణ ప్రభావ నివేదిక పూర్తి తెలుగు ప్రతిని గ్రామస్థుల చేతికి అందించవచ్చు. లక్ష మెగావాట్ల లక్ష్యానికి ఇంధనం తయారుచేసే నైపుణ్యం హైదరాబాదులో సిద్ధంగా ఉన్నది. గని వద్ద, తీరం వద్ద నివసించే వారి నమ్మకాన్ని సంపాదించుకోవడమే మిగిలిన కర్తవ్యం.

(పౌర సంబంధాల అధికారి, సమాచార పౌర సంబంధాల శాఖ, హైదరాబాద్ వారిచే జారీ చేయడమైనది.)