తూలే అడుగుకు ఒక గంట కావాలి

వంశపారంపర్యంగా వచ్చే అటాక్సియా జబ్బుల్లో చిన్నమెదడు, నరాలు క్రమంగా దెబ్బతింటాయి. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, గ్లాసు పట్టుకుంటే చేయి అదుపు తప్పుతుంది. మగవాడు తూలితే తాగాడంటారు. ఆడమనిషి తూలితే గాలి సోకిందనో, పని తప్పించుకోవడానికి నటిస్తోందనో అంటారు. జబ్బు పేరు బయటపడ్డాక ‘పుట్టింటి నుంచి తెచ్చింది’ అన్న నింద మొదలవుతుంది.

సంఘం పని మీద ఇలాంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేను ముందుగా చెప్పేది ఇదే: ఎస్.సి.ఎ. అనే రకాల్లో తల్లికి జబ్బున్నా తండ్రికి ఉన్నా, ఆడపిల్లయినా మగపిల్లవాడయినా, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. ఫ్రీడ్రిక్ అటాక్సియా అయితే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందితేనే బిడ్డకు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఇందులో కోడల్ని తప్పుపట్టడానికి చోటెక్కడుంది?

ఫ్రీడ్రిక్ అటాక్సియాకు 2023లో అమెరికాలో ఒక మందుకు అనుమతి వచ్చింది. ఎస్.సి.ఎ. రకాలను ఆపే మందు మాత్రం లేదు. ‘మందు లేదు’ అన్నమాట రోగి చెవికి ‘చేసేదేమీ లేదు’ అని చేరుతోంది. నా అభ్యంతరం ఇక్కడే. చిన్నమెదడు క్షీణించే జబ్బులున్న 42 మందికి జపాన్‌లో 4 వారాలు ఆసుపత్రిలో ఉంచి నడక, నిలకడ అభ్యాసాలు చేయించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం తూలడం తగ్గింది, నడక వేగం పెరిగింది. తర్వాతి నెలల్లో ఆ లాభం కొంత తరిగింది. అంటే అభ్యాసం ఆగకుండా సాగాలి.

అలా సాగించదగిన వాటిలో తై చీ ఒకటి. చైనాలో యుద్ధవిద్యగా పుట్టిన దీన్ని 1956లో అక్కడి క్రీడాశాఖ అందరూ చేసుకునేలా 24 భంగిమలకు కుదించింది. మోకాళ్ళు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మెల్లగా మార్చడమే ఇందులో ముఖ్యం. పరికరాలు అక్కర్లేదు. అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్ రోగుల మీద జరిగిన పరిశీలనలో, వారానికి 2 సార్లు చొప్పున 24 వారాలు తై చీ చేసినవాళ్ళు, ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళకంటే తక్కువగా పడిపోయారు. పార్కిన్సన్ వేరు, అటాక్సియా వేరు. అంతే ఫలితం వస్తుందని ఎవరికీ మాటివ్వకూడదు. జబ్బును ఇది నయం చేయదు. అయినా బరువు మార్చుకోవడం, అడుగును అదుపులో పెట్టుకోవడం ఈ రోగులకూ కావలసినవే. ముందు ఫిజియోథెరపిస్టు చూడాలి. గోడ పక్కన, వెనక కుర్చీ వేసుకుని, తోడు మనిషితో చేయాలి. నిలబడలేనివాళ్ళు కూర్చునే చేయవచ్చు.

అయితే ఆ గంట ఆమెకు ఎవరిస్తారు? ‘ఇంటి పని చేస్తోందిగా, వేరే వ్యాయామం ఎందుకు?’ అంటారు. బిందె మోయడం, తడి గచ్చు మీద నడవడం, మరిగే గిన్నె దించడం ఆమెకు ప్రమాదాలు. అవి వ్యాయామం కావు. నేను చూసిన ఇళ్ళలో భర్తకు జబ్బయితే పక్కన నిలబడేది భార్య, భార్యకు జబ్బయితే బడి మానిన కూతురు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో పార్కిన్సన్ పేరుంది, అటాక్సియా పేరు లేదు. 27వ సెక్షన్ పునరావాస సేవలను ప్రభుత్వ బాధ్యత చేస్తూనే ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న తోక తగిలించింది.

కాబట్టి మనం అడగవలసినవి: చట్టం జాబితాలో అటాక్సియా చేరాలి. జిల్లా ఆసుపత్రుల్లో వారానికి కనీసం 2 రోజులు నిలకడ అభ్యాసాల తరగతి ఉండాలి. రోగికీ తోడు వచ్చినవాళ్ళకూ దారిఖర్చు ఇవ్వాలి. అవి వచ్చేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. మీటింగులు లేని సాయంత్రాల్లో మన సంఘాల హాళ్ళు ఖాళీగానే ఉంటాయి. ఆ తాళాలు ఈ స్త్రీలకిద్దాం. ఆ గంటసేపు ఇంటి పనీ పిల్లల పనీ ఎవరు చూస్తారో ఆ ఇంటి మగవాళ్ళతో కూర్చుని తేల్చే బాధ్యత కూడా మనమే తీసుకుందాం.