సూదిమందులు - వృద్ధుల దేహభారము

కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో మధుమేహరోగికి సూదిమందు అన్నచో నిన్న మొన్నటిదాక ఇన్సులిన్ అనియే అర్థము. ఇప్పుడా మాటకు రెండవ అర్థమేర్పడినది. వారమున కొకమారు పొడుచుకొను సెమాగ్లుటైడు, టిర్జెపటైడు అను క్రొత్త మందులు వాడుకలోనికి వచ్చినవి. ఈ రెండు తెగలును రక్తమందలి చక్కెరను తగ్గించునవే. కాని దేహభారము విషయమున ఒకదాని దారి ఒకదానికి విరుద్ధము. ఈ భేదము నెఱుంగక వృద్ధులకు సూది పొడుచుట క్షేమకరము కాదు.

1922లో టొరంటో నగరమున ఒక బాలునకు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చి ప్రాణము నిలిపిరి. అది చక్కెరను దేహకణములలోనికి పంపును. మూత్రముతో వృథాగా పోవుచున్న సత్తువ దేహమున నిలుచును. మిగిలినది క్రొవ్వుగా చేరును. అందుచే రోగి బరువు పెరుగుట కలదు. క్రొత్త మందులన్ననో భోజనానంతరము ప్రేగులందు పుట్టు హార్మోనుల ననుకరించును. ఆకలి తగ్గును, జీర్ణాశయము మెల్లగా ఖాళీయగును, తిండి తగ్గి బరువు దిగును. 2021లో వెలువడిన పరీక్షలలో పెద్ద మోతాదు సెమాగ్లుటైడు తీసికొనినవారు 68 వారములలో సగటున మధుమేహము లేనిచో నూటికి 14.9 వంతులు, ఉన్నచో 9.6 వంతులు బరువు కోల్పోయిరి. అయితే ఆ పరీక్షలకు లోనైనవారి సగటు వయస్సు మొదటిదానిలో 46, రెండవదానిలో 55 ఏండ్లు. డెబ్బది దాటినవారికి ఆ లెక్కను అట్లే అన్వయింపరాదు.

పోయిన బరువు ఏది యన్నదే అసలు ప్రశ్న. మొదటి పరీక్షలో కొందఱి దేహములను యంత్రముతో కొలువగా, తగ్గినదానిలో ఇంచుమించు నూటికి 40 వంతులు క్రొవ్వు కాని భాగమని తేలినది. అందు నీరు మున్నగునవి యున్నను కండయు నున్నది. వార్ధక్యమున తనంతట తఱుగుచుండు కండ మఱింత తఱిగినచో పీటపైనుండి లేచుట, పొలము గట్టు దాటుట, తూలినపుడు నిలద్రొక్కుకొనుట కష్టమగును. తుంటి యెముక విఱిగిన వృద్ధునకు మరల మునుపటివలె నడచుట దుర్లభము. మందు మానిన ఏడాదిలో పోయిన బరువున మూడింట రెండు వంతులు తిరిగివచ్చెనని 2022లో తెలియవచ్చినది. ఆ వచ్చునది కండయే యగునను పూచీ లేదు.

మన సీమ సంగతి చూతము. జగిత్యాల, నిర్మల్ ప్రాంతములందు అనేక గృహములలో కుమారులు గల్ఫు దేశములందుండ వృద్ధ దంపతులే ఇల్లు కాచుకొనియున్నారు. తెల్లన్నమే ప్రధానమైన వారి కంచమున పప్పు, గ్రుడ్డు, పెరుగు ముందే కొద్ది. ఆకలి చచ్చినపుడు అవియు నుండవు. ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడు మాత్ర గాని పాత మోతాదుననే పుచ్చుకొనుచు సగమే తిన్నచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. వాంతులు, విరేచనములు తోడైనచో రామగుండము ఎండలలో దేహమందలి నీరు హరించి మూత్రపిండములకు చేటు వాటిల్లవచ్చును. ప్రక్కనుండి కనిపెట్టువారెవరు?

మందును మేము నిందించుట లేదు. మూత్రపిండ వ్యాధిగల మధుమేహరోగులకు సెమాగ్లుటైడు మేలు చేయునని 2024లో వెలువడిన పరీక్ష స్థాపించినది. 1970 నాటి పేటెంటు చట్టము ఔషధములపై గుత్తహక్కును తొలగించి స్వదేశీ మందుల పరిశ్రమను పెంచినది. 2005లో ఆ హక్కు మరల వచ్చినది. సెమాగ్లుటైడుపై ఆ గుత్త 2026 మార్చితో మన దేశమున ముగిసినది. స్వదేశీ మందుతో వెల దిగుట సంతోషకరమే. కాని వెల దిగిన మందు వైద్యుని చీటి లేకయే గడప త్రొక్కుట ప్రమాదము.

కావున జిల్లా ఆసుపత్రులలో ఈ మందు మొదలిడుటకు ముందు వృద్ధుని బరువుతోపాటు బలమును గూడ పరీక్షింపవలెను. చేతుల ఊత లేక కుర్చీనుండి లేవగలడా యని చూచుటకు ఖర్చేమియు లేదు. మోతాదు మెల్లగా పెంచవలెను; పాత మాత్రలను సరిచూడవలెను; పప్పు, గ్రుడ్డు, పాలు, కాళ్లకు బలమిచ్చు వ్యాయామము చీటిలోనే వ్రాయవలెను. ఇదివఱకే చిక్కిన వృద్ధునకు ఈ సూది తగునా యని వైద్యుడు ఒకటికి రెండుమార్లు యోచింపవలెను. దూరదేశమునుండి మందునకు డబ్బు పంపు కుమారులు, తండ్రి ఎంత తగ్గెనని మాత్రమే గాక, ఏమి తినుచున్నాడు, ఎట్లు నడచుచున్నాడు అనియు అడుగుదురుగాక!