వరద రాలేదని కట్ట తెంచుకుంటామా?

లాల్‌దర్వాజా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయటం లేదు. ఆమె మామగారు 56వ ఏట ఒక తెల్లవారుజామున పక్షవాతంతో పడిపోయారు. మూడేళ్ళు మంచం మీదే ఉండి కన్నుమూశారు. ఇప్పుడు ఆమె భర్తకు 47. పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో పద్దులు రాస్తారు. రెండేళ్ళ క్రితం రక్తపు పోటు 160/100 ఉందని డాక్టరు మాత్రలు రాసిచ్చారు. ఆరు నెలలు వేసుకున్నారు. పోటు 130/80కి దిగింది. "తగ్గిపోయింది కదా, ఇంకా వేసుకుంటే అలవాటైపోతుంది" అని మానేశారు. ఈ మధ్య ఎవరో చెప్పగా ఒక లేహ్యం డబ్బా తెచ్చుకున్నారట. పూటకు రెండు చెంచాలు తింటే నూరేళ్ళ ఆయుష్షు అని దాని మీద అచ్చు వేసి ఉందట. "డాక్టరు గారూ, ఈ లేహ్యం మంచిదేనా? మావారు నిండు నూరేళ్ళూ ఉండాలంటే ఇంకేం వాడాలి?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

అమ్మా, లేహ్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ ఊరి సంగతే ఒకటి గుర్తు చేయనివ్వండి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నీటిని ఊరికి ఎగువనే ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ తర్వాత పాతబస్తీ ఎన్నడూ మునగలేదని కాదు. 2020 అక్టోబరు వానలు మీరూ చూసే ఉంటారు. కానీ 1908 నాటి ప్రళయం మాత్రం మళ్ళీ రాలేదు. "వరద రావటం లేదు కదా, ఇంక ఈ కట్టలెందుకు?" అని ఎవరైనా గునపం పట్టుకుని గండిపేటకు బయలుదేరితే మనం ఏమంటాం?

మీవారు చేసిన పని సరిగ్గా అదే.

మాత్ర వేసుకున్నన్నాళ్ళూ పోటు 130కి దిగి ఉన్నదంటే జబ్బు పోయిందని కాదు, కట్ట నీటిని ఆపుతున్నదని. మాత్ర మానిన కొద్ది రోజులకో, కొద్ది వారాలకో పోటు మళ్ళీ పాత అంకెకు ఎక్కి కూర్చుంటుంది. దీన్నే జనం "అలవాటు" అని పొరబడుతున్నారు. కళ్ళజోడు తీసేస్తే అక్షరాలు మసకబారతాయి. జోడు అలవాటు చేసిందని దాన్ని నిందిస్తామా? చూపు మందగించింది కనుక జోడు కావలసి వచ్చింది, అంతే.

ఇంకో చిక్కు ఏమిటంటే, రక్తపు పోటు నొప్పి పెట్టదు. పంటినొప్పి వస్తే అర్ధరాత్రి అయినా డాక్టరు ఇల్లు వెతుక్కుంటూ పోతాం. పోటు 160 ఉన్న మనిషి మాత్రం హాయిగా భోంచేసి, నలుగురితో నవ్వుతూ కబుర్లు చెప్పి, పడుకుని నిద్రపోతాడు. లోపల మాత్రం రక్తనాళాల గోడలు ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి మొద్దుబారుతూ, గట్టిపడుతూ ఉంటాయి. మెదడులో చితికితే పక్షవాతం, గుండెలో పూడితే గుండెపోటు, మూత్రపిండాల్లో అయితే అవి మెల్లగా మూలపడతాయి. "తల తిరగటం లేదు కాబట్టి నాకు బి.పి. లేదు" అనే మాట నేను వారానికి పదిసార్లు వింటాను. తల తిరగటానికీ బి.పి.కీ పెద్దగా సంబంధం లేదు. కొలిచి చూడటం తప్ప వేరే దారి లేదు.

పై అంకె 10 తగ్గించగలిగితే పక్షవాతం వచ్చే ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుందని ఎన్నో దేశాల పరిశీలనలు కలిపి చూసి తేల్చారు. అంత మేలు చేసే లేహ్యం ఏ బజారులోనూ లేదు. మీ మామగారికి 56వ ఏట వచ్చింది కాబట్టి మీవారికీ వచ్చి తీరుతుందని భయపడకండి. వంశంలో ఉంటే ముప్పు హెచ్చు, నిజమే. కానీ తండ్రి నుంచి వచ్చిన ఆస్తుల్లో సరిదిద్దుకోవటానికి వీలైనది ఇది.

ఆయుష్షు పెంచే మందే ఉంటే, డబ్బుకు కొదవ లేనివారికి అందరికంటే ముందు దొరికి ఉండేది కదా! ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాల బారు పురానీ హవేలీలో ఉంది, చూసే ఉంటారు. ఆయన కొలువులో హకీములకు లోటా, వైద్యులకు లోటా? 1911లో 45 ఏళ్ళకే పోయారు. కోటలో కోటీశ్వరుడై ఉండీ పాత షేర్వానీతో కాలక్షేపం చేశారని పేరుపడ్డ ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ 1967 దాకా, అంటే 80 ఏళ్ళు బతికారు. "ఆయన సిగరెట్టు తాగుతూనే 80 ఏళ్ళు బతకలేదా?" అని మీవారు నన్ను నిలదీయవచ్చు. రోడ్డుకు అడ్డంగా కళ్ళు మూసుకుని పరుగెత్తి అవతలికి చేరినవాడు కూడా ఉంటాడు. చేరనివాడు వచ్చి మనకు కథ చెప్పడు. సిగరెట్టూ, బీడీ, గుట్కా, జర్దా కిళ్ళీ, వీటిలో ఏది ఉన్నా ముందు అది మానాలి. ఇందులో బేరాలు లేవు.

"మా తాతల కాలంలో అందరూ నూరేళ్ళు బతికేవారు" అనే మాట కూడా నమ్మకండి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దరిదాపుల్లో ఉండేది. ఇవాళ 70 దగ్గర ఉంది. పసిపిల్లలు టీకాల వల్ల, మంచినీటి వల్ల, కాన్పులు ఆసుపత్రుల్లో జరగటం వల్ల దక్కారు. మశూచి పోయింది. మన పెద్దలను కలరా, ప్లేగు ఎత్తుకుపోతే, మనల్ని ఎత్తుకుపోయేవి పోటూ, చక్కెర వ్యాధీ. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు పది కోట్ల పైమాటే.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యానికి వస్తాను. "మావారికి వేరే దురలవాట్లేమీ లేవు, దుకాణంలో రోజుకు ఏడెనిమిది టీలు తాగుతారు, అంతే" అని రాశారు. అమ్మా, ఆయన పద్దులు రాసే మనిషి కదా, ఒక చిన్న లెక్క వేసి చూపించండి. టీకి రెండు చెంచాల పంచదార, చెంచాకు నాలుగైదు గ్రాములు. ఏడు టీలంటే పధ్నాలుగు చెంచాలు, అంటే సుమారు 65 గ్రాములు. నెలకు దాదాపు రెండు కిలోలు! తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో, విడిగా కలుపుకునే పంచదార రోజు మొత్తానికి 25 గ్రాములు దాటవద్దని చెప్పింది. మీవారు మధ్యాహ్నానికే ఆ గీత దాటేస్తున్నారు. టీ గ్లాసు పక్కన ఉస్మానియా బిస్కట్లు రెండు ఉంటే ఇక చెప్పేదేముంది, తీపీ, ఉప్పూ, కొవ్వూ మూడూ అందులోనే!

ఇరానీ చాయ్ మానేయమంటే హైదరాబాదు వాడెవడూ నా మాట వినడు, నేనూ అనను. ఏడు మూడు చేయమనండి. తీపి ఒక్కసారిగా తీసేయక్కరలేదు. వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తే నాలుకకు తెలియదు. నెల తిరిగేసరికి పాత టీ తాగితే పాకంలా తోస్తుంది.

ఉప్పు మీ చేతిలో ఉన్న పని. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే తలకొట్టి కొలిచిన ఒక టీ చెంచా. ఇందులోనే పప్పు, కూర, పులుసు, పచ్చడి, మజ్జిగ అన్నీ సర్దుకోవాలి. మన ఇళ్ళలో ఆవకాయ బద్దా, రెండు అప్పడాలూ, మజ్జిగలో చిటికెడు ఉప్పూ కలిస్తే కూరలో ఉప్పు లేకపోయినా సగం లెక్క అయిపోతుంది. నెలకు ఇంట్లో ఎంత ఉప్పు ఖర్చవుతుందో చూడండి. నలుగురున్న ఇంటికి 600 గ్రాములకు మించితే మీ చెయ్యి పెద్దదన్నమాట. భోజనాల దగ్గర ఉప్పు డబ్బా పెట్టటం మానండి. చింతపండు, నిమ్మకాయ, అల్లం, కొత్తిమీర ఉంటే ఉప్పు తగ్గినా రుచి చెడదు. సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని అమ్మే రకాలను మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు సుమా. వాటిలో పొటాషియం ఉంటుంది. పెళ్ళిలో బిర్యానీ, రంజాను నెలలో ఒకటి రెండుసార్లు హలీమ్ తిన్నందువల్ల ఎవరి ఆయుష్షూ తరగదు. రోజూ కంచంలోకి వచ్చేదే లెక్కకు వస్తుంది.

నడక గురించి వేరే చెప్పాలా? లాల్‌దర్వాజా నుంచి చార్మినార్ మీదుగా పత్తర్‌గట్టీకి అరగంట నడక. మీవారు ఆ దూరానికి బండి తీస్తున్నారు. పొద్దున్న దుకాణాలు తెరవకముందు ఆ దారి ఎంత ఖాళీగా, చల్లగా ఉంటుందో చూసినవారికి తెలుసు. వారానికి అయిదు రోజులు వెళ్ళేటప్పుడు నడిస్తే చాలు, 150 నిమిషాలు అవుతుంది. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అంత వేగం. పద్దుల బల్ల దగ్గర గంటకోసారి లేచి అటూ ఇటూ తిరగమనండి. మీరూ ఇంట్లోనే ఉంటున్నానన్నారు. సందుల్లో నడవటం ఇబ్బందైతే డాబా మీద అయినా నడవండి. ఆయన కోసం ఉత్తరం రాశారే గాని మీ బి.పి. ఎంతో రాయలేదు!

లేహ్యం సంగతికి వస్తాను. చార్మినార్ పక్కనే నిజామియా ఆసుపత్రి ఉంది, యునానీ వైద్యం చేస్తారు. ఆ వైద్య గ్రంథాలు ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి అంటాయి: గాలి, తిండీ నీళ్ళూ, ఒంటికి కదలికా విశ్రాంతీ, మనసుకు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, లోపలికి పోయినదీ బయటికి పోవలసినదీ. ఆ ఆరింటిలో డబ్బాలో అమ్మేది ఒక్కటీ లేదు, గమనించారా? మన ఆయుర్వేదమూ పథ్యాన్ని ముందు చెప్పి మందును తర్వాత చెబుతుంది. కాబట్టి నా తగవు పాత వైద్యాలతో కాదు. ఎవరు చేశారో, ఏమేం కలిపారో తెలియని డబ్బాతో. చాలా లేహ్యాలలో బెల్లమో, పంచదారో సగం ఉంటుంది. కొన్నింటిలో అతిమధురం వేస్తారు. అది ఎక్కువ రోజులు తింటే రక్తపు పోటును పెంచుతుంది! పోటు ఉన్న మనిషి ఆయుష్షు కోసం తినే వస్తువా అది? సీసమూ, పాదరసమూ ఉన్న భస్మాలు మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఆ డబ్బా పారేయకండి, మూత వేసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి చూపించండి.

ఆ డాక్టరు దగ్గరకు ఈ వారమే వెళ్ళాలి. ఇంట్లో మిగిలిన పాత మాత్రల పట్టీ చూసుకుని మళ్ళీ మొదలుపెట్టవద్దు. మీ పేటకు దగ్గరలో బస్తీ దవాఖానా ఉంటే అక్కడ బి.పి., షుగర్ ఉచితంగా చూస్తారు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్ కూడా ఒకసారి చూపించుకోవాలి. బి.పి. చూపించుకునే ముందు అరగంట టీ, సిగరెట్టు వద్దు. అయిదు నిమిషాలు వెన్ను ఆనించి మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. మెట్లెక్కి రొప్పుతూ కూర్చుని చూపించుకున్న అంకెకు విలువ లేదు.

ఒక్క మాట మాత్రం ఇంటిల్లిపాదీ కంఠతా పట్టాలి. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోయినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, అది పక్షవాతమే అనుకుని వెంటనే 108కి ఫోను చేయండి. రక్తం గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది, అదీ తలకు స్కానింగు తీసి చూశాకే ఇస్తారు. కాబట్టి తెల్లవారనీ అని కూర్చోకూడదు. నోట్లో నీళ్ళు పోయవద్దు, మాత్ర వేయవద్దు. పావురం నెత్తురు పూసేవాళ్ళు ఇంకా ఉన్నారని వింటుంటాను. ఆ పావురాన్ని పట్టుకునే వేళకు సగం గడువు అయిపోతుంది. మీ మామగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి మధ్యాహ్నమైందని రాశారు. అది మీ తప్పు కాదమ్మా. అప్పట్లో మీకు చెప్పినవారు లేరు.

మీవారికి ఒక కొత్త నోటుబుక్కు కొనివ్వండి. ఎడమ పక్క తేదీ, కుడి పక్క పోటు, కింద ఆ రోజు తాగిన టీలు. పద్దులు రాసే చెయ్యి కాబట్టి తప్పుడు లెక్క రాయరనే నమ్మకం నాకుంది. నెల తర్వాత ఆ అంకెలు నాకు రాసి పంపండి. మీ బి.పి. కూడా.