తపసి బంకకు పట్టిన నీటి ఎద్దడి

తపసి బంక గోదాముకు రాగానే వర్తకుడు మొదట రంగు చూస్తాడు, తరువాత బెరడు ఎంత కలిసిందో చూస్తాడు, ఆపైన ధర చెబుతాడు. పద్ధతి సరైనదే. తెల్ల సరుకుకూ నల్లబారిన సరుకుకూ మధ్య తేడా ఎంతో బజారులో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే బెరడు కలిసిన బస్తా విప్పినప్పుడల్లా "చెంచులకు శుభ్రత తెలియదు" అని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. ఈ మాట తప్పు. పైగా వర్తకానికే నష్టం.

మేలురకం బంక ఏప్రిల్ నుంచి తొలకరి వరకే దొరుకుతుంది. ఎండ ముదిరితే బంక త్వరగా ఆరి తెల్లగా ఉంటుంది. వాన తగిలిందా, రంగు మారుతుంది, జిగట తగ్గుతుంది. కర్నూలు, ప్రకాశం, పాలమూరు కరవు సీమల నడుమనున్న నల్లమలలో సరిగ్గా ఈ నెలలలోనే మంచినీటికి కటకట. చెంచుల పల్లెలను పెంటలంటారు. వేసవిలో చెలమ నీరే దిక్కయిన పెంటలున్నాయి. ఇంట్లో ఒక మనిషి పని నీళ్ల కుండకే సరిపోతుంది.

దీనికీ బస్తాలోని బెరడుకూ సంబంధమేమిటని అడగవచ్చు. గొడ్డలి మాని, చిన్న పనిముట్టుతో పైపైన గాటు పెట్టి, కొద్ది రోజులకొకసారి మళ్లీ వచ్చి బంక తీసుకుని గాటు కాస్త పెంచడం మంచి పద్ధతి. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ గిరిజనులకు నేర్పినది ఇదే. చెట్టు బతుకుతుంది, సరుకు శుభ్రంగా వస్తుంది. కాని మళ్లీ మళ్లీ రావడానికి తీరిక కావాలి. తీరిక నీళ్లకే పోయినవాడు గొడ్డలితో లోతుగా ఒక్క నరుకు నరికి, ఎప్పుడో వచ్చి బెరడుతో సహా గీరుకుని పోతాడు. ఆ సీజనుకు బంక ఎక్కువే కారుతుంది. తరువాత చెట్టు మోడవుతుంది.

ఇంతకూ ఆ అడవి అంచునే కృష్ణ పారుతున్నది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడి నీరు తెలుగుగంగ కాలువల మీదుగా 1996లో చెన్నై చేరింది. పక్కనున్న కొండమీదికి ఎక్కడం మాత్రం కష్టమైంది! 1983 నుంచి ఆ అడవి పులుల రక్షిత ప్రాంతం గనుక బోరుకైనా, పైపులకైనా అనుమతి రాదని అధికారులు చెప్పే జవాబు పూర్తిగా నిజం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం, గ్రామసభ సిఫారసు చేస్తే, మంచినీటి పథకానికి ఒక హెక్టారుకు మించని అటవీ భూమిని ఇవ్వవచ్చునంటున్నది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదన్నదే షరతు. పెంటకు ఒక ట్యాంకు, కొంత పైపు వేయడానికి అన్ని చెట్లు అడ్డురావు.

ఎగుమతిదారులు ఈ విషయం ధర్మకార్యాల పద్దులో వేయనక్కరలేదు. మందులకూ, కట్టుడు పళ్ల పేస్టుకూ, ఆహార పదార్థాలకూ తపసి బంక కొనే విదేశీ కంపెనీలకు సెనెగల్ సరుకు ఉండనే ఉంది. మన సరుకు నిలవపడితే పులిసిన వాసన వేసి జిగట కోల్పోతుందని వారికీ తెలుసు. సరుకు శుభ్రంగా, వేళకు రాకపోతే కొనుగోలుదారు అటు తిరగడానికి ఆలస్యం కాదు.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తరగతులవారీ ధర కట్టే పద్ధతి తెచ్చింది. ఆ తేడా సొమ్ము తూకం దగ్గరే రొక్కంగా చేతిలో పడాలి. బాకీలో జమకట్టుకుంటే బెరడు ఏరే ఓపిక ఎవరికుంటుంది? నీటి సంగతి వర్తక సంఘాలే జిల్లా కలెక్టర్ల ముందు పెట్టవచ్చు. గ్రామసభ తీర్మానం, అటవీశాఖ పరిశీలన, పనికి టెండరు, వీటన్నిటికీ నెలలు పడతాయి. ఏప్రిల్‌లో అర్జీ పెడితే ఆ సీజను సరుకుకు ఏమీ ఒరగదు. దసరా నాటికే కాగితం కదలాలి.