రెండో దారి మూసేయకండి

2024 జూలై 19, శుక్రవారం నాడు శంషాబాద్ విమానాశ్రయంలో కంప్యూటర్లు పడిపోవడంతో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ప్రయాణికుడి పేరు, విమానం నంబరు, సీటు నంబరు, ఎక్కే ఊరు, దిగే ఊరు, అన్నీ పెన్నుతోనే. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు రాసిచ్చిన అలాంటి పాసు ఫోటో ఒకటి ఆ రోజు దేశమంతా చక్కర్లు కొట్టింది. చాలామంది చూసి ముచ్చటపడ్డారు, కొందరు నవ్వుకున్నారు. తర్వాత కంప్యూటర్లు లేచాయి, అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

మరిచిపోవాల్సిన సంగతి కాదది. ఆ పూట అక్కడ పని ఎంతోకొంత నడిచిందంటే, కౌంటర్లో మనిషి ఉన్నాడు కాబట్టి నడిచింది. ఆ మనిషి చేతిలో పెన్నుంది. రాసిన కాగితాన్ని గేటు దగ్గర ఒప్పుకునే ఏర్పాటుంది. ఈ మూడింటినీ దండగ ఖర్చు కింద జమకట్టి ఒక్కొక్కటిగా తీసేయడమే ఇవాళ సంస్కరణగా చెలామణీ అవుతోంది. మనిషి ఉంటే ఆలస్యం, మనిషి ఉంటే లంచం, కాగితం ఉంటే దొంగ లెక్క. కాబట్టి అంతా యంత్రానికి అప్పజెప్పండి, రెండో దారి ఉంచితే జనం కొత్తదానికి అలవాటుపడరు అంటున్నారు. ప్రభుత్వాల్లో, కంపెనీల్లో, టీవీ చర్చల్లో, చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళలో అంతటా ఇదే మాట. ఈ వాదన తప్పు. తప్పే కాదు, పేదవాడి ప్రాణం మీదికి తెచ్చేంత ప్రమాదం కూడా.

ఆ శుక్రవారం ఏం జరిగిందో చూద్దాం. క్రౌడ్‌స్ట్రైక్ అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ కేంద్రంగా పనిచేసే కంపెనీ. పెద్ద సంస్థల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా ఫాల్కన్ అనే సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెడుతుంది. విండోస్ కంప్యూటర్లలో ఆ కాపలా అన్నిటికంటే లోపలి భాగమైన కెర్నెల్ దాకా వెళ్ళి కూర్చుంటుంది. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే ఆ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కెర్నెల్లో తప్పు జరిగితే యంత్రమే కుప్పకూలుతుంది. మన సమయం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ కంపెనీ ఒక చిన్న ఫైలు పంపింది. కొత్త రకం దాడులను పసిగట్టడానికి సూచనలున్న ఫైలది. ఆ సూచనలకు 21 అంశాలు కావాలని ఒకచోట రాసుకున్నారు, అందించే ప్రోగ్రామ్ ఇచ్చేది మాత్రం 20. లేని ఇరవై ఒకటో అంశం కోసం సాఫ్ట్‌వేర్ తనది కాని మెమరీలోకి వెళ్ళి చదవబోయింది. తెరలు నీలమైపోయాయి. 10 గంటల 57 నిమిషాలకు ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల పంపిణీకి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. కంచే చేను మేసింది.

ఫైలు వెనక్కి తీసుకున్నంత మాత్రాన అవి లేవలేదు. చాలా యంత్రాలు ఆన్ అవుతూనే మళ్ళీ పడిపోతున్నాయి. దూరాన కూర్చుని వాటిని బాగుచేసే వీలు లేకపోయింది. ఎవరో ఒకరు దాని ముందు కూర్చోవాలి, సేఫ్ మోడ్‌లో తెరవాలి, ఫోల్డర్లు దాటుకుంటూ వెళ్ళి పేరులో 291 ఉన్న ఫైలును చెరిపేయాలి, మళ్ళీ ఆన్ చేయాలి. డిస్కుకు తాళం వేసి ఉంటే 48 అంకెల సంఖ్య ఒక్కొక్కటిగా కొట్టాలి. తర్వాత పక్క కంప్యూటర్. ఆ తర్వాత దాని పక్కది. ప్రపంచంలోకెల్లా అధునాతనమైన కాపలా వ్యవస్థ పడిపోతే దాన్ని లేపింది చివరికి మనుషుల చేతులే.

దీన్ని చిన్న పొరపాటన్నారు. మొత్తం విండోస్ యంత్రాల్లో ఒక్క శాతం కూడా కాదన్నారు. ఆ ఒక్క శాతం ఎక్కడుందో చూడాలి కదా! బ్రిటన్‌లో డాక్టర్ల తెరల మీద రోగుల వివరాలు తెరుచుకోలేదు. అమెరికాలో కొన్నిచోట్ల అత్యవసర నంబరు 911కే అంతరాయం కలిగింది. స్కై న్యూస్ ప్రసారం ఆగిపోయింది. మన దేశంలో ఒక్క ఇండిగోనే సుమారు 200 విమానాలు రద్దు చేసుకుంది. కొత్త ఫైలును ముందు కొద్ది యంత్రాలకు పంపి, బాగుందనుకున్నాక మిగతావాటికి పంపడం ఈ రంగంలో ఓనమాలు నేర్చినవాళ్ళకు కూడా తెలిసిన జాగ్రత్త. ఈ రకం ఫైళ్ళకు ఆ కంపెనీ ఆ జాగ్రత్త తీసుకోలేదు. చేతులు కాలాక తీసుకుంటామంది. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ కంపెనీ ఇలాగే ఒక అప్‌డేట్ పంపితే, అది విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా అదే కథ నడిచిందంటే దాన్ని పొరపాటు అనను, అలవాటు అంటాను.

మన దగ్గర ఇంకో మాట వినిపించింది: మనకేం కాలేదుగా. ప్రభుత్వ కార్యాలయాలు వాడే ఎన్‌ఐసీ నెట్‌వర్క్‌కు దెబ్బ తగల్లేదని కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. పది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల్లోనే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. రెండూ నిజాలే. కానీ మనం బయటపడింది పడిపోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకున్నందుకు కాదు, ఆ ఒక్క సరుకు అంత విరివిగా కొనలేదు కాబట్టి. రేపు పడిపోయేది మనం కొన్న సరుకే అయితే ఏం చేస్తాం?

ఏం జరుగుతుందో డెల్టా ఎయిర్‌లైన్స్ చూపించింది. మిగతా అమెరికా సంస్థలు ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటే డెల్టా ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది. 50 కోట్ల డాలర్ల నష్టమని చెప్పి, ఆ అక్టోబరులో క్రౌడ్‌స్ట్రైక్ మీద దావా వేసింది. విమానాలు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, ప్రయాణికులు ఎయిర్‌పోర్టుల్లో నేలమీదే పడుకుని ఉన్నారు. ఏ పైలట్ ఏ ఊళ్ళో ఉన్నాడు, ఏ విమానం ఎవరు నడపాలి అన్న లెక్కను చూసే వ్యవస్థ మాత్రం వెనకబడిపోయింది. ఆ లెక్కను చేత్తో పట్టుకునే మనుషులు, పద్ధతి తగినంతగా మిగల్లేదు. దావాలో ఎవరు గెలిచినా నాకు కనిపించే పాఠం ఇదే: పక్కనే నిలబడ్డ మనిషిని కూడా గుర్తించలేని స్థితికి ఆ సంస్థ వచ్చేసింది.

ఆ వారం ఇంకా చాలా జరిగాయి. గురువారం వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల ఆస్తి దొంగలపాలైంది. దాచుకున్నవాళ్ళు నెలల తరబడి తమ డబ్బు తాము తీసుకోలేకపోయారు, వెళ్ళి అడుగుదామంటే కౌంటరన్నదే లేదు. అదే రాత్రి బంగ్లాదేశ్ ప్రభుత్వం విద్యార్థుల ఉద్యమాన్ని అణచడానికి దేశమంతా ఇంటర్నెట్ కట్టేసింది. మొబైల్ ఇంటర్నెట్ తిరిగొచ్చింది జూలై 28న. ఒకచోట పొరపాటు, ఒకచోట దొంగతనం, ఒకచోట సర్కారు దౌర్జన్యం. కారణాలు వేరు. కానీ మూడుచోట్లా జనం బతుకు ఒక్క తీగకు వేలాడుతోంది. ఆ తీగ తెగితే పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. రేషన్ దుకాణం ముందు డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నిలబడి ఉంటుంది. ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన చేతులు. ఈపాస్ యంత్రం మీద బొటనవేలు పెడుతుంది, పడదు. "చెయ్యి తుడుచుకోమ్మా" అంటాడు డీలరు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. చూపుడువేలు పెడుతుంది. "సర్వర్ రావట్లేదు పెద్దమ్మా, సాయంత్రం రా" అంటాడు. ఆమె ఎవరో అతనికి తెలుసు. ఆమె ఇల్లు తెలుసు, ఆమె కొడుకు ఏ ఊరు వలస వెళ్ళాడో తెలుసు. కానీ ఆమె ఆమేనని చెప్పే అధికారం అతనికి లేదు. ఊరంతటికీ తెలిసిన మనిషిని ఊరి నడిమధ్యలో నిలబెట్టి, నువ్వెవరో రుజువు కాలేదు అంటున్నాం. వేలిముద్ర పడకపోతే కంటిపాప ఉంది, ఓటీపీ ఉంది కదా అని వాదించేవాళ్ళున్నారు. అవీ ఆ సర్వర్ దగ్గరికే వెళ్ళాలి. సర్వర్ లేనినాడు మూడూ లేనట్టే. ఒకే గుమ్మానికి మూడు తాళంచెవులిచ్చి మూడు దారులున్నాయనడం మోసం.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. కాగితం రోజుల్లో ఏం జరిగిందో మనకు తెలుసు. దొంగ కార్డులు, తీసుకోని బియ్యానికి వేలిముద్రలు, చనిపోయినవాళ్ళ పేరిట కూలి డబ్బు. యంత్రం వచ్చాక వీటిలో కొన్నిటికి అడ్డుకట్ట పడింది, కాదనను. అయితే దొంగతనం ఆపడానికి యంత్రమొక్కటే మందు అన్నమాట మాత్రం మన అనుభవమే అబద్ధమని తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్లు బయటకు తీసి, ఇల్లిల్లూ తిరిగి అడిగి, గ్రామసభలో పేరు పేరునా చదివారు. నువ్వు ఇన్ని రోజులు పని చేశావట, ఇంత కూలి తీసుకున్నావట, నిజమేనా అని అందరి ముందూ అడిగితే కూలీ లేచి నిలబడి కాదని చెప్పింది. కాజేసిన డబ్బు కక్కించిన ఊళ్ళున్నాయి. కాగితమే, మనుషులే, కానీ దాచడానికి వీల్లేకుండా చేశారు. దేశమంతా వచ్చి నేర్చుకున్న పద్ధతది. మన దగ్గర వేళ్ళూనుకున్నదాన్ని మనమే నీరుగార్చుకుని, యాప్‌ను నెత్తిన పెట్టుకున్నాం.

ఆ యాప్ సంగతి చూడండి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల హాజరు ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేని గుట్టల దగ్గర ఫోటో ఎక్కకపోతే పలుగు పట్టినవాళ్ళ కూలే ఎగిరిపోయేది. పోనీ దొంగ హాజరు ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఫోటోను ఫోటో తీసి పెడుతున్నారు, కాబట్టి పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నీ మనుషులే చూసి సరిచూడాలి అని. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చి, యంత్రాన్ని నమ్మలేక మళ్ళీ మనిషిని పిలిచారు. మధ్యలో కూలి పోగొట్టుకున్నవాళ్ళకు ఎవరు బాధ్యులు?

యంత్రాలు వద్దని నేననడం లేదు. యంత్రం పడిపోయినప్పుడు పని ఆగకూడదంటున్నాను. ఆ భారం కంపెనీ మీదా సర్కారు మీదా ఉండాలి, వరుసలో నిలబడ్డవాళ్ళ మీద కాదు. ఇందుకు కొత్తగా చట్టం కూడా అక్కర్లేదు. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది: వేలిముద్ర పడకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా, కార్డు చూసి సరుకులివ్వాలి, అలా ఇచ్చినవి వేరే పుస్తకంలో నమోదు చేయాలి, తర్వాత తనిఖీ చేసుకోవాలి. చేత్తో రాసే పుస్తకం అది. ఆ పుస్తకం ప్రతి దుకాణంలో ఉండాలి. సర్వర్ లేదన్న మరుక్షణం అందులో రాసి బియ్యం కొలిచే అధికారం డీలరుకు ఉండాలి, అలా ఇచ్చినందుకు అతనికి నోటీసు రాకూడదు. నెలకోసారి గ్రామసభలో దాన్ని పైకి చదవాలి. పింఛను దగ్గర, ఉపాధి హాజరు దగ్గర కూడా ఇదే ఏర్పాటు కావాలి. శంషాబాద్‌లో విమానం టిక్కెట్టు కొన్నవాడికి ఆ పూట పెన్ను తీసి రాసిచ్చారు. రేషన్ కార్డున్న పెద్దమ్మకు రాసివ్వడానికి ఉత్తర్వు 2017 నుంచీ ఉంది.